ఏడాదికో నోటు

ప్రియమైన అక్కకి,

తొమ్మిదేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి కవరు చింపేయకు. లోపల ఆఫీసు పని ఉంది.

మా పరపతి సంఘంలో నీ పేరున ఒక పొదుపు ఖాతా ఉంది. నీ చిన్నప్పుడు నాన్న తెరిచి, తనే నడిపాడు. ఆయన ఆఖరిసారి జమ చేసి పదేళ్ళు కావస్తోంది. రెండేళ్ళపాటు కదలిక లేకపోతే మేము దాన్ని పడుకున్న ఖాతా అంటాం, ఖాతాదారుకి నోటీసు పంపుతాం. ఆఖరి జమ నుంచి పదేళ్ళు నిండితే డబ్బు ప్రభుత్వ నిధికి వెళ్ళిపోతుంది. తర్వాత రాబట్టుకోవాలంటే చెప్పులరిగిపోతాయి. నీకు ఇంకా రెండు నెలలు గడువుంది. ఫారం జతచేశాను. పెన్సిల్‌తో గుర్తుపెట్టిన మూడు చోట్లా సంతకం చేసి, ఒక ఫోటో అంటించి పంపు.

ఇంతకుముందు కూడా నోటీసులు వెళ్ళాయి. పోస్టులో ఎక్కడో తప్పిపోయినట్టున్నాయి.

ఇట్లు,
నీ తమ్ముడు

*

గుమాస్తా తమ్ముడికి అక్క దీవెనలు.

ఉత్తరం చింపలేదు, రెండుసార్లు చదివాను. నాన్న నా పేరున దాచాడా! మరి ఆయన పోయిన వారానికి, చుట్టాలందరి ముందూ "ఆస్తి కోసం వచ్చావా? నీకంటూ ఇక్కడ చిల్లిగవ్వ లేదు" అన్నదెవరబ్బా? నాన్న జ్ఞాపకంగా ఏమైనా ఉంచాడా అని అడిగినందుకు! సర్లే, ఆ ముచ్చట ఇప్పుడెందుకు.

ఒక్కటి చెప్పు. నోటీసులు పోస్టులో పోయాయంటున్నావు. మా పోస్టుమాన్ ఎదురింట్లోనే ఉంటాడు. నీ మాట చెప్తే ఇంతెత్తున లేచాడు. "అమ్మా, వానలో కూడా కరెంటు బిల్లు తడవకుండా తెచ్చిస్తాను. నా మీద నింద వేసిన ఆ పెద్దమనిషి ఎవరు?" అన్నాడు. మా తమ్ముడే అని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఏ ఏడు పంపావు, ఎన్ని పంపావు? రాయి.

ఇక్కడ నేను బడిపిల్లల యూనిఫారాలు కుడుతున్నాను. మూడేళ్ళ కిందట మీ బావ పరంజా మీంచి పడ్డాడు. ప్రాణం దక్కింది.

నీ అక్క

*

అక్కకి,

పాత రికార్డులు వెతికిస్తున్నాను, కాస్త టైము పడుతుంది. ఈలోగా ఫారం పంపు, గడువు దగ్గర పడుతోంది. బావ పడ్డ సంగతి నాకెవరూ చెప్పలేదు. ఇప్పుడెలా ఉన్నాడు?

నీ తమ్ముడు

*

తమ్ముడా,

"నాకెవరూ చెప్పలేదు" అని రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందిరా? అడిగిన వాడికి చెప్తారు గానీ, ముఖం చాటేసినవాడి ఇంటికి దండోరా వేస్తారా?

విను. తొడ ఎముక విరిగింది. నెలలోపు ఆపరేషన్ చేసి ప్లేటు వేయాలన్నాడు డాక్టరు. అంత డబ్బు లేదు. కట్టు కట్టించి ఇంటికి తెచ్చుకున్నాం. ఎముక వంకరగా అతికింది. నాలుగంతస్తుల గోడ మీద నిలబడి ఇటుక పేర్చిన మేస్త్రి ఇప్పుడు కింద కూర్చుని ఇసుక జల్లిస్తున్నాడు. నిన్నటిదాకా తన కింద పనిచేసిన కుర్రాళ్ళు "జరుగు తాతా" అంటున్నారు. ఆయనకింకా యాభై దాటలేదు.

ఆ ఖాతా గురించి ఒక్క నోటీసు, ఒక్కటంటే ఒక్కటి వచ్చి ఉంటే? అందుకే అడుగుతున్నాను. నిజం రాసేదాకా నా సంతకం రాదు. డబ్బు నిధికి పోతే పోనీ.

అక్క

*

ప్రియమైన అక్కా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. నీకు నోటీసు ఎప్పుడూ పంపలేదు. నేనే పంపలేదు.

ఆ రోజు నిన్ను అన్న మాట నిజమనుకునే అన్నాను. అప్పుడు నేను క్యాష్ కౌంటర్లో ఉండేవాణ్ణి, ఈ ఖాతా సంగతి తెలీదు. ఏడాది తిరక్కుండానే పడుకున్న ఖాతాల సీటు నాకిచ్చారు. మొదటి జాబితాలోనే నీ పేరు కనబడింది. నోటీసు కింద సంతకం నాది ఉండాలి. చిల్లిగవ్వ లేదన్న నోటితోనే ఉందని ఎలా చెప్పను? జేబులోంచి ఒక చిన్న నోటు తీసి నీ ఖాతాలో జమ చేశాను. ఖాతా లేచింది, నీ పేరు జాబితాలోంచి పోయింది, నోటీసు అవసరం తప్పింది. ఈ ఏడాదికి గండం గడిచిందిలే, వచ్చే ఏడాది ధైర్యం చేద్దాం అనుకున్నాను. రెండేళ్ళ దాకా ఆగే ధైర్యం లేక, అలా ఏడేళ్ళు, ఏడాదికో నోటు.

ఈ ఏడాది రూలు మారింది. సిబ్బంది వేసిన జమ కదలిక కిందికి రాదట. కొత్త మేనేజరమ్మ నా ఏడు చీటీలూ బల్ల మీద పరిచింది. "ఇది దొంగతనం కాదు. కానీ దీన్ని ఏమనాలో నాకు తెలీడం లేదు. మీ అక్కకి నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?" అంది. అప్పుడు రాశాను. అందులోనూ పోస్టుమాన్ మీదికి తోసేశాను.

బావ కాలు విరిగిన నాటికి ఖాతాలో ప్లేటుకి సరిపోను ఉంది. నిన్న లెక్క చూసుకున్నాను. అప్పట్నుంచి ముద్ద దిగడం లేదు. క్షమించమని అడిగే ముఖం కూడా లేదు. సంతకం మాత్రం పెట్టు అక్కా, అది నీది.

సిగ్గుతో,
తమ్ముడు

*

ఒరేయ్ నా తమ్ముడూ,

ముందు అన్నం తిను.

ఆ రోజు ఆ ఇంట్లోంచి నేను పట్టుకెళ్ళింది ఒక్కటే, నాన్న ఫోను. ఆయన నంబరు పోనివ్వడం ఇష్టం లేక ఇన్నేళ్ళూ నేనే రీచార్జి చేయిస్తున్నాను. నా ఖాతాకి నాన్న ఇచ్చింది ఆ నంబరే. ఏడాదికోసారి మెసేజ్ వచ్చేది: నా పేరు, జమ అయిన చిన్న నోటు, మొత్తం నిల్వ. ఆ సంఘంలో నా కోసం జేబులోంచి తీసేవాడు నువ్వు కాక ఇంకెవడు? చూడగానే "వాడు బాగానే ఉన్నాడు" అనుకునేదాన్ని. నీ మొదటి ఉత్తరానికి తెలీనట్టు నటించాను, నువ్వే నోరు విప్పుతావని.

ఇక నా సంగతి విను. మీ బావ పడ్డ నెలలో నాకు నిల్వ ఎంతో తెలుసు. బస్సెక్కితే నీ కౌంటరు. కానీ అక్కడికొచ్చి నీ ముందు చెయ్యి చాపనా? వాడే రావాలి, వాడే ముందు తలదించాలి అని బిగుసుకు కూర్చున్నాను. ఇదిగో వస్తాడు, రేపొస్తాడు అనుకుంటూ ఉండగానే డాక్టరు చెప్పిన నెల దాటిపోయింది. ఎక్కడా అప్పు పుట్టలేదని మీ బావతో చెప్పాను. ఆయన నన్నే ఓదార్చాడురా. "ఏడవకే, కుంటుకుంటూ బతికేవాళ్ళు లోకంలో లేరా" అన్నాడు. మొన్న ఆ కాలు తెచ్చి నీ ముఖాన కొట్టాను. నేనెంత పాపిష్టిదాన్నో అప్పుడు రాయలేదు.

ఫారం మీద సంతకం పెట్టాను. పోస్టు మాత్రం చేయను. ఆదివారం నువ్వే వచ్చి తీసుకెళ్ళు. మీ బావకి ఇంకా ఏమీ తెలీదు, ఒక్కదాన్నే చెప్పలేను.

ఇప్పుడే ఎవరికి రాస్తున్నావని అడిగాడు. తమ్ముడికన్నాను. "రమ్మని రాయవే. పాపం, వాడు సిగ్గుపడి రాలేకపోతున్నాడేమో. నీకేం, నువ్వు తప్పు చేసినదానివి కాదుగా" అన్నాడు.

నీ అక్క