పదో తరగతిలో ఎవరూ ప్రశ్నలు అడగడం లేదు

జిల్లా విద్యాశాఖాధికారి గారి సముఖమునకు, జమ్మలమడుగు ప్రాంత ఉన్నత పాఠశాల సాంఘికశాస్త్ర ఉపాధ్యాయురాలు, ప్రొద్దుటూరు నివాసి జయలక్ష్మి సమర్పించుకొను అర్జీ.

అయ్యా,

విషయం: విదేశీ యుద్ధముల వంటి వివాదాస్పద అంశములపై విద్యార్థులు ప్రశ్నించినపుడు ఉపాధ్యాయులు అనుసరించవలసిన విధానము తెలుపుట, మరియు ఒక విద్యార్థినికి రక్షణ కల్పించుట గురించి.

పై విషయమును పురస్కరించుకొని మనవి చేయునది ఏమనగా:

1. గత నెల పదో తరగతిలో ఫాయిజా అను విద్యార్థిని లేచి, "మేడం, మా అబ్బా కువైట్‌లో డ్రైవరు. ఆ పక్క యుద్ధం జరగతాందంట. తప్పు ఎవురిది?" అని అడిగినది. పాఠ్యపుస్తకములో జవాబు లేదు. అడిగిన పిల్లను ఊరికే కూర్చోబెట్టుటకు మనసొప్పక, మరునాడు చర్చ ఏర్పాటు చేసితిని. చీటీలు తీయించి, ఎవరికి ఏ దేశం వస్తే వారు ఆ దేశం మనిషిగా మాట్లాడవలెనని చెప్పితిని. అవతలివారి భయం పిల్లలకు తెలియవలెనని నా ఉద్దేశము.

2. ఫాయిజా తన చీటీ ప్రకారం, "మా దేశం జోలికొస్తే మేము ఊరుకోము" అన్నది. బాగా మాట్లాడింది. తరగతి చప్పట్లు కొట్టింది. ఆ ఒక్క మాటను ఎవరో సెల్‌ఫోనులో వీడియో తీసినారు. ఎవరో నేటికీ తెలియలేదు. నేను చెప్పినది, చీటీలు, చప్పట్లు ఏవీ అందులో లేవు. సాయంత్రానికి అది పులివెందుల దాకా వాట్సాప్ గ్రూపుల్లో తిరిగినది. కింద "ఈ పిల్లది ఏ దేశం?" అని రాసి ఉన్నది.

3. మరుదినం కొందరు మనుషులు బడి గేటు వద్దకు వచ్చినారు. కేకలు వేయలేదు. నవ్వుతూనే, "ఆ పిల్ల ఇల్లు యాడుంది మేడం? ఊరికే మాట్లాడి పోతాం" అన్నారు. నేను చెప్పలేదు. చర్చలో ఎదుటి పక్షాన మాట్లాడిన విష్ణుతేజ ముందుకు పోయి, "అన్నా, అది చీటీలో వచ్చిందన్నా. ఆ పిల్ల సొంత మాట కాదు" అన్నాడు. వారిలో ఒకడు వాని భుజంపై చెయ్యి వేసి, "నువ్వు ఎవురి కొడుకువప్పా?" అని అడిగినాడు. అంతే. ఆనాటి నుండి విష్ణుతేజ తరగతిలో నోరు విప్పలేదు.

4. ప్రధానోపాధ్యాయులు గురురాజారావు గారు, "అమ్మా, సిలబస్ దాటొద్దండి" అన్నారు. వారిని తప్పుపట్టను. ఆ మాట చెప్పుటకు ముందు వారు లేచి గది తలుపు మూసినారు. ఫాయిజా బడికి రావడం లేదు. నిన్న తరగతిలో "సందేహాలుంటే అడగండి" అన్నాను. పిల్లలందరూ తలుపు వైపు చూసినారు.

కావున ఇట్టి ప్రశ్నలను ఎదుర్కొనుటకు ఉపాధ్యాయులకు శిక్షణ ఇప్పించి, చర్చ నడిపినవారికి శాఖ అండగా ఉండునని రాతపూర్వకముగా తెలిపి, ఫాయిజాను భద్రముగా బడికి రప్పించ ప్రార్థన. ఆ చర్చ పెట్టినది నేను. విచారణ ఏదైనా నాపైనే జరిపించి, పిల్లల జోలికి ఎవరూ పోకుండ చూచుటకై ఈ నా మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
జయలక్ష్మి

తా.క.: పైదంతా రాసి ఫాయిజా వాళ్ళింటికి పోయినాను. వాళ్ళమ్మ ఖమర్‌బీ తలుపు సగమే తీసి, నా వెనక వీధికి రెండు పక్కలా చూసింది. "మీ మీద కోపం లేదు మేడం. ఈడికి మాత్రం రావద్దండి. మీరు వచ్చి పోతాంటే ఇల్లు ఇదేనని తెలిసిపోతాది" అని తలుపేసుకుంది. తిరిగి చూస్తే వీధి మొదట్లో ఒకాయన బండి ఆపుకొని, నేను ఏ గడప దిగినానో చూస్తాండాడు. నాకు నమస్కారం కూడా పెట్టినాడు. సార్, ఇల్లు నేనే చూపించినట్టయింది. ఈ అర్జీకి నంబరు పడేదాకా ఆగొద్దండి. ఈ పొద్దే ఎవరినైనా పంపండి.