పక్కవాడి వెలుగు

ఫిబ్రవరి 9, సోమవారం

మా అమ్మాయి తీసిన ఫోటో నిజం చెప్పింది! పదింట్లో తొమ్మిది!

గబగబా రాస్తున్నాను, అక్షరాలు వంకర పోతున్నాయి. పోనీ. వాళ్ల ల్యాబులో గాజు పళ్లెం నిండా సూక్ష్మజీవులు చుక్కలు చుక్కలుగా పెరుగుతాయి. ఒక్కో చుక్క కాస్తో కూస్తో మందు తయారు చేస్తుంది. ఏది ఎంత చేస్తోందో తెలియాలంటే ఒక్కోదాన్నీ తీసి మెషీన్‌లో పెట్టాలి. నెలల పని. మా అమ్మాయి నీలం లైటు వేసి అన్నిటికీ కలిపి ఒక్క ఫోటో తీస్తుంది. మందు ఎంత ఉంటే చుక్క అంత మెరుస్తుందట. ఫోటో చూసి పది మంచివి ఏరింది. తొమ్మిదింటికి మెషీన్ కూడా సై అంది! ఏడో క్లాసుతో ఆపేసినవాడి కూతురు!

ఫిబ్రవరి 10

వాళ్ల పెద్ద సారు పెదవి విరిచాడట. ఫోటోలు ఆల్బమ్‌లో అంటించుకోవడానికమ్మా, కొలవడానికి కాదు అన్నాడట. తప్పిన ఆ ఒక్కదాన్నే పట్టుకుని వేలాడుతున్నాడు. శుక్రవారం అందరి ముందూ మళ్లీ పరీక్ష. సారు ఇరవై చుక్కలు చూపిస్తాడు, దేంట్లో మందు ఎంతుందో ఫోటో చూసి చెప్పాలి. ఒక్కటి తప్పు చెప్పినా ల్యాబులో మా అమ్మాయికిచ్చిన గది, కెమెరా వేరేవాళ్లకి. పళ్లెం కూడా మీరే ఎంచుకోండి సార్ అని వచ్చేసిందట. శెభాష్! నేనైతే కుర్చీ ఎత్తేవాణ్ణి. నువ్వు కుర్చీ ఎత్తితే నడుం పట్టేస్తుంది, కూర్చో అంది వాళ్లమ్మ.

ఫిబ్రవరి 11, సాయంత్రం 6

ముప్పై ఏళ్లు స్టూడియోలో ఫోటోలు తీసినవాణ్ణి, ఊరుకుంటానా? ఫోటోలో ఓ మూల తెల్ల అట్టముక్క పెట్టమ్మా, లైటు మారితే తెలుస్తుంది అన్నాను. మొదటి రోజు నుంచీ పెడుతున్నాం నాన్నా, ఇంకేమైనా ఉంటే చెప్పు అని నవ్వింది. ఉక్రోషం వచ్చింది. ఆ తప్పిన చుక్క చూపించవే అన్నాను. దాని పక్కనే ఇంత లావు చుక్క, ధగధగలాడుతోంది. ఓసి పిచ్చిదానా, గ్రూపు ఫోటోలో తెల్ల చొక్కా పక్కన నిలబడ్డవాడి చెంప కూడా తెల్లగా పడుతుంది, అది వాడి రంగు కాదు, పక్కవాడి వెలుగు అన్నాను.

ఈసారి నవ్వలేదు. టీ సగంలో వదిలేసి ల్యాబుకి పరిగెత్తింది.

ఫిబ్రవరి 12

ఫోన్ ఎత్తడం లేదు.

ఫిబ్రవరి 13, మధ్యాహ్నం

పంతొమ్మిది చెప్పింది. ఇరవయ్యోది చెప్పనందట! రెండు పెద్ద చుక్కల మధ్య ఇరుక్కున్నదాన్ని కావాలనే చూపించాడు మహానుభావుడు. ఈ వెలుగు దీనిది కాదు సార్, ఫోటోకి తెలియనిది తెలుసని నేను చెప్పను అందట. తప్పించుకుంటున్నావా అన్నాడట. మెషీన్‌లో పెట్టి చూడమందట. పెట్టారు. పంతొమ్మిదీ సరిగ్గా! ఆ ఇరవయ్యోదాంట్లో మందు చుక్కైనా లేదు!

గది మాదే. కెమెరా మాదే. ఈ కిటుకు ఎక్కడ నేర్చుకున్నావని సారు అడిగితే, మా ఇంట్లో ఓ ఫోటోగ్రాఫరు ఉన్నాడు అందట. వాళ్లమ్మ చూడకుండా కళ్లు తుడుచుకున్నాను. చూసింది.

అదే రోజు, సాయంత్రం

చెప్పాల్సినవాళ్లు:

చిన్నక్క. గట్టిగా అరవాలి, చెవుడు.

బావమరిది. ఆడపిల్లకి ఇన్నేళ్లు చదువెందుకన్నాడు. వాడికి రెండుసార్లు.

తోడల్లుడు.

పెద్ద మేనకోడలు. ఊరంతా అదే చెప్పేస్తుంది.

అన్నయ్య. పదకొండేళ్లుగా మాటల్లేవు. అయితే ఏం? మొదటి ఫోను ఆయనకే.