నీలం మాటల చుట్టరికం

అమ్మమ్మా,

నా రాత కోడి గీకినట్టుంటది, తప్పులూ ఉంటాయి, ఏమనుకోకు. ఐదో తరగతితోనే బడి మానేశాను గదా. నువ్వు పోయి రేపటికి ఏడాది.

మాచవరం కాపురానికొచ్చి ఇన్నాళ్లయినా ఎవరితోనూ మాట కలపలేకపోయాను. పొద్దుపోవడానికి మా ఆయన ఫోన్లో తెలుగు విజ్ఞాన సర్వస్వం తెరిచిచ్చాడు. అందులో నీలం రంగు మాట నొక్కితే దాని గురించి ఇంకో పేజీ వస్తుంది. మిరపతో మొదలుపెట్టి నొక్కుకుంటూ పోతే ఓడలొచ్చాయి, తర్వాత సముద్రమొచ్చింది. పత్తితో మొదలుపెట్టినా, ఉప్పుతో మొదలుపెట్టినా ఆ సముద్రానికే చేరాను. సంబంధం లేదనుకున్నవన్నీ నాలుగైదు మాటల్లో చుట్టాలైపోతున్నాయి. నువ్వూ బస్సులో పక్కనున్నామెను "ఏ ఊరమ్మా, ఎవరి తాలూకు?" అని అడిగి, దిగేలోపు వరస కలిపేదానివి. నాకేమో సిగ్గేసేది.

ఈ మాట చెబితే ఆయన నవ్వాడు. "ఫోన్లో కలిపింది చాల్లే. ఊళ్లో కూడా అడిగి చూడరాదూ?" అన్నాడు.

ఇవాళ మిరపకోతలో పక్క సాలులో ఉన్న ముసలామెను ధైర్యం చేసి అడిగాను. "మీ పుట్టిల్లు ఏ ఊరు పెద్దమ్మా?"

నాదెండ్ల అంది, నీ పుట్టినూరే. నీ పేరు చెప్పగానే కోత ఆపేసింది.

"దాని మనవరాలివా! ఇన్నాళ్లూ మూగదానివనుకున్నా గదే. పెళ్లికాక ముందు మేమిద్దరం ఒకే సాలు పట్టేవాళ్లం. చూసి చానా ఏళ్లయింది. బాగుందా?"

ఆ నవ్వుమొహం చూసి, బాగుందనే చెప్పాను.

ఈ ఉత్తరం పొయ్యిలో వేసేస్తాను అమ్మమ్మా, ఆమె చెవిన పడకూడదు. కోతలయ్యేదాకా ఆమెకు నువ్వు బాగానే ఉండాలి.