ఎర్రపిల్లకు తొడిగిన షీటు

ఏప్రిల్ 7, సోమవారం

తమ్ముడు ఫోన్ చేశాడు. ఓడ రేవుకు దగ్గర పడిందట, నెలాఖరులోపు లీవు మీద వస్తాడట. హలో కూడా పూర్తిగా అనకుండానే నా ఎర్రపిల్ల ఎలా ఉందక్కా అని అడిగాడు. ఎర్రపిల్ల అంటే వాడి ఎలక్ట్రిక్ గిటారు. అక్క ఎలా ఉంది, బావ ఎలా ఉన్నాడు అన్నవి ఆ తర్వాతే. బంగారంలా ఉందిరా అన్నాను.

ఆ గిటారు వాడు కొనుక్కున్నది కాదు. నేర్పిన మాస్టారు పోయేముందు పిలిచి వాడి చేతుల్లో పెట్టారు. ఆయన కుడిచెయ్యి ఏళ్ళ తరబడి ఆనిన చోట ఎర్రరంగు అరిగిపోయి, లోపలి చెక్క తేనెరంగులో కనబడుతుంది. అరచెయ్యంత మేర. తమ్ముడు వాయించేటప్పుడు వాడి చెయ్యీ సరిగ్గా అక్కడే ఆనుతుంది. అక్కడ గుడ్డతో గట్టిగా తుడవనివ్వడు. ఓడలో ఉప్పుగాలి దానికి పడదని నా దగ్గర వదిలి వెళ్తాడు. ఇంకెవర్నీ నమ్మడు. నీ చేతిలో పెడితే లాకర్‌లో పెట్టినట్టేనే అంటాడు.

రేపు షాపు నుంచి రాగానే తీసి తుడవాలి.

ఏప్రిల్ 8, మంగళవారం, సాయంత్రం

మొదటి నుంచి రాస్తాను.

వానాకాలంలో గిటారు పెట్టె లోపలి గుడ్డకు బూజు పట్టింది. అందుకని గిటారును బయటికి తీసి, మేడ మీద గదిలో గోడకు ఆనించి, నేనే దానికో తొడుగు కుట్టాను. టేబుల్ మీద పరిచే మందపాటి ప్లాస్టిక్ షీటుతో. పువ్వుల అచ్చు ఉన్నది. కొలత తీసుకుని, ఒంటికి పట్టినట్టు కుట్టి, వెనకాల రిబ్బనుతో బిగించి కట్టాను. దుమ్ము చొరబడదు, చెమ్మ చేరదు అనుకున్నాను. నా పనే అది కదా. జిరాక్స్ షాపులో ల్యామినేషన్ మిషన్ దగ్గర కూర్చునేది నేనే. జనం సర్టిఫికెట్లు తెస్తారు, పోయినవాళ్ళ ఫోటోలు తెస్తారు. వేడివేడిగా చేతికిచ్చి, ఇక దీనికి నూరేళ్ళు అంటాను. ఇంట్లో రిమోట్‌కు కవరు, ఫ్రిజ్ హ్యాండిల్‌కు కవరు, నా ప్రార్థన పుస్తకానికి కవరు. ఏదో ఒక రోజు నన్ను కూడా మిషన్‌లో ఇటు పెట్టి అటు తీస్తుందని మా ఆయన నలుగురిలో అంటూ ఉంటారు.

రిబ్బను విప్పాను. షీటు ఊడి రాలేదు. అంచు పట్టుకుని లాగితే పుండు మీద కట్టు పీకినట్టు చప్పుడైంది. ఎర్రటి మెరుపంతా పెచ్చులు పెచ్చులుగా షీటుతోనే వచ్చేసింది. గిటారు నిండా టేబుల్ షీటు పువ్వులు దిగబడి ఉన్నాయి. వేలు పెడితే జిగురు.

ఎండలకు మేడ గది ఎలా కాగిపోతుందో నాకు తెలియదా? తెలుసు. ప్లాస్టిక్కూ రంగూ కలిసి కరుగుతాయని మాత్రం తోచలేదు.

మాస్టారి చెయ్యి ఆనిన చోటు ఒక్కటే బాగుంది. అక్కడ అంటుకోవడానికి రంగే లేదు కదా.

ఏప్రిల్ 9, బుధవారం

ప్రార్థనకు కూర్చున్నాను. జరిగినదాన్ని జరగనట్టు చెయ్యి స్వామీ అని అడగబోయి ఆగిపోయాను. అది భక్తి కాదు, పేచీ.

ఏప్రిల్ 11, శుక్రవారం

మా ఆయనకు చూపించాను. ఆయన స్కూలు బస్సు నడుపుతారు. ఓస్ ఇంతేనా అన్నారు. బస్సు అద్దాలకు పిల్లలు అంటించే స్టిక్కర్లు ఆయన వదిలిస్తూనే ఉంటారట, దూదితో కాస్త పెయింట్ థిన్నర్ అద్దితే జిగురు హుష్ కాకి అట. ఇంత చిన్నదానికి మొహం అలా పెట్టుకుంటావేమే, వస్తువేగా, మనిషికేం కాలేదుగా అన్నారు. సీసా కూడా ఆయనే తెచ్చిచ్చారు.

ముందు ఓ మూల అద్దాను. జిగురు పోయింది. ప్రాణం లేచొచ్చింది. దేవుడు కరుణించాడనే అనుకున్నాను. ఇంకాస్త అద్దాను. ఈసారి రంగు కదిలింది. నీళ్ళలో ఇంకు జారినట్టు ఎర్రగా కిందికి జారింది, తిన్నగా ఆ తేనెరంగు మీదికే. కంగారులో చేతిలో ఉన్న గుడ్డతోనే తుడిచేశాను. థిన్నర్ గుడ్డతో.

ఇప్పుడు ఆ మచ్చకు అంచు లేదు. చుట్టూ రంగు పోయింది, మధ్యలోకి రంగు ఇంకింది. మాస్టారి చెయ్యి ఎక్కడ ఆగిందో, నా చెయ్యి ఎక్కడ మొదలైందో ఎవరూ చెప్పలేరు.

మా ఆయన చేతులు కట్టుకుని నిలబడిపోయారు. నేను చెప్పింది అద్దాల సంగతే అన్నారు, చిన్నగా. ఆయన్ని ఏమనను? తుడిచింది నేను.

ఏప్రిల్ 12, శనివారం

అన్నం సహించలేదు.

ఏప్రిల్ 14, సోమవారం

షాపులో సెలవు చెప్పి గిటారును దుప్పట్లో చుట్టుకుని రిపేరు షాపుకు వెళ్ళాను. ఇరుకు మెట్లు ఎక్కాలి. పసిబిడ్డను ఆస్పత్రికి తీసుకెళ్తున్నట్టే ఉంది.

రిపేరు చేసే అతను దుప్పటి తీయగానే, ఇదేంటమ్మా, డైనింగ్ టేబుల్ మీద పెట్టి భోజనాలు చేశారా అని నవ్వాడు. నా మొహం చూసి ఆపేశాడు. కుర్చీ తుడిచి కూర్చోమన్నాడు. ఇలాంటి పాత గిటార్లకు వేసే పూత ఎన్నేళ్ళైనా పూర్తిగా గట్టిపడదట. రబ్బరు తగిలినా ప్లాస్టిక్ తగిలినా మెత్తబడిపోతుందట. థిన్నర్ సంగతి చెప్తే తల పట్టుకున్నాడు.

తర్వాత వైరు పెట్టి వాయించి చూశాడు. గొంతుకేం కాలేదమ్మా, ఒళ్ళే కాలింది అన్నాడు. ఊరట కలగాలి. కలగలేదు.

మొత్తం గీకి కొత్త పూత వేస్తే కొత్త పెళ్ళికూతురిలా ఉంటుందట. మరి ఈ చెయ్యి మచ్చ అని అడిగాను. అది పోతుందమ్మా, గీకడమంటే గీకడమే అన్నాడు. పోనీ మళ్ళీ అలాగే అరగదీసి పెట్టగలవా అని అడిగాను. సిగ్గు లేకుండా అడిగేశాను. పెడతాను, కానీ అది నా చెయ్యి అవుతుంది కదమ్మా అన్నాడు. గిటారు ఎవరిదని అడిగితే తమ్ముడిదన్నాను. అయితే నేను ముట్టుకోను, ఆయన్నే రానివ్వండి అన్నాడు.

మళ్ళీ దుప్పట్లో చుట్టుకుని వచ్చేశాను.

ఏప్రిల్ 16, బుధవారం

తమ్ముడు ఫోన్ చేశాడు. ఎర్రపిల్ల మీద బెంగగా ఉందక్కా, ఒక్క ఫోటో పెట్టు అన్నాడు. ఇప్పుడు చెప్పేయాలి అనుకున్నాను. నోరు తెరిచాను. ఫోన్‌లో కెమెరా పోయిందిరా అని వచ్చింది. పోతే పోయిందిలే, వచ్చి కళ్ళారా చూసుకుంటాలే అన్నాడు.

పొద్దున దేవుడి పేరు పలికిందీ ఈ నోరే.

ఏప్రిల్ 17, గురువారం

ఒకావిడ వాళ్ళమ్మ పాత ఫోటో ల్యామినేషన్‌కు తెచ్చింది. మూల చిరిగి ఉంది. ఒకసారి వేశాక తీయలేమమ్మా, ఇంట్లో అందర్నీ అడిగి రండి అన్నాను. ఆవిడ వెళ్ళిపోయింది. షాపాయన కౌంటర్ అవతల నుంచి, ఏంటమ్మా, వచ్చిన బేరాన్ని దీవించి పంపిస్తున్నావు, షట్టరు దించేయమంటావా అన్నారు.

మిషన్ వేడెక్కి ఎర్రలైటు వెలిగింది. కాసేపు దాన్నే చూస్తూ కూర్చున్నాను.

ఏప్రిల్ 22, మంగళవారం

వచ్చాడు. వాడు బూట్లు విప్పకముందే గుమ్మంలోనే చెప్పేశాను. షీటు, థిన్నర్, అన్నీ. వాడు ఒక బూటుతోనే మేడ మీదికి వెళ్ళాడు. నేను మెట్ల కింద నిలబడ్డాను.

దిగి వచ్చి రెండో బూటు విప్పాడు. పోనీలే అక్కా, కావాలని చేశావా ఏంటి అన్నాడు. మంచినీళ్ళు అడిగాడు.

ఎప్పుడు వచ్చినా గడప దాటగానే నామీద కసరడం మొదలుపెడతాడు. ఫ్యాను తిరగదు, చీపురు కాళ్ళకడ్డం, కూరలో ఉప్పు లేదు, ఒకటా రెండా. ఈసారి కూర బాగుందన్నాడు. కంచం తనే తీసి కడిగాడు. థాంక్స్ అక్కా అన్నాడు.

అమ్మ పోయేనాటికి వీడు నా చంకలో ఉన్నాడు. స్కూలు మానేస్తానంటే నాన్న ఒప్పుకోక, వీణ్ణి పక్కింట్లో దించి పరీక్షకు పరిగెత్తిన రోజులున్నాయి. వీడు నాకు థాంక్స్ చెప్తున్నాడు.

ఏప్రిల్ 23, బుధవారం

పొద్దున్నించి థాంక్స్‌లే. చుట్టాలింటికి వచ్చినవాడిలా ఉన్నాడు. మేడ ఎక్కలేదు.

ఏప్రిల్ 25, శుక్రవారం

రేపు స్నేహితుడి ఊరు వెళ్తాడట. మిగతా లీవంతా అక్కడేనట. నీకెందుకక్కా ఇక్కడ నాతో శ్రమ అన్నాడు. వాడి లీవు ఈ ఇంట్లో గడవకపోవడం ఇదే మొదలు.

ఉండబట్టలేక ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. నాలుగు తిట్టరా, నీకు పుణ్యముంటుంది అన్నాను. ఏమని తిట్టమంటావక్కా అని ఫ్యాను వైపు చూశాడు.

మా ఆయన నన్ను పక్కకు పిలిచి, అరిచేవాణ్ణి ఆపొచ్చు, అరవనివాణ్ణి ఏం చేస్తాం, ఊరుకో అన్నారు. ఊరుకున్నాను. ఇంకేం చేయను?

ఏప్రిల్ 26, శనివారం, మధ్యాహ్నం

వాడి బ్యాగు నేనే సర్దాను. అంతవరకైనా వద్దనలేదు. మంచి చొక్కా ఇస్త్రీ చేశాను. బస్సులో దుమ్ము పడుతుందని... దేవుడా, నా చేతులకు ఏం తెగులు పట్టిందో, దాన్ని తీసి ప్లాస్టిక్ కవర్లో దోపాను. తలెత్తితే వాడు గుమ్మంలో ఉన్నాడు.

కవరు లాక్కుని చింపేశాడు. మళ్ళీనా, నీకు బుద్ధి రాదా, నీ ప్లాస్టిక్ తగలెయ్య అన్నాడు. తొడుగు కుట్టమని నిన్నెవడడిగాడే అన్నాడు. పెట్టెకు బూజు పడితే పట్టిందిరా అని ఒక్క ఫోన్ కొట్టలేవా, ఆ థిన్నర్ సీసా పట్టుకునేముందు ఒక్కమాట అడగలేవా, ఫోటో పెట్టమంటే కెమెరా పోయిందని నాకే కథలు చెప్తావా, నాకు అబద్ధం చెప్పడం ఎప్పుడు నేర్చుకున్నావే అన్నాడు. వీధిలో పోయేవాళ్ళు ఆగి చూశారు. మా ఆయన లోపలి నుంచి వస్తే నువ్వు ఆగు బావా, నీ అద్దాల వైద్యం నువ్వూనూ అని ఆయన్నీ వదల్లేదు. ఆయన వెనక్కి వెళ్ళిపోయారు.

మాస్టారి చెయ్యక్కా అది, మాస్టారి చెయ్యి అన్నాడు. అని మెట్ల మీద కూలబడి ఏడ్చాడు. ఇంత పెద్దవాడు.

తల మీద చెయ్యి వెయ్యబోయాను. విసిరికొట్టాడు. కాస్త దూరంగా నిలబడ్డాను. బస్సు టైము అయిపోతోందని చెప్పాలా వద్దా తెలియలేదు. చెప్పలేదు.

ఏప్రిల్ 27, ఆదివారం

వెళ్ళలేదు. గిటారును ఇంకా ఎవరూ ముట్టుకోలేదు.

పొద్దున కాఫీ చల్లారిపోయిందని నామీద కసిరాడు. మళ్ళీ కాచి ఇచ్చాను.