సగం మాత్ర

ప్రియమైన అక్కా,

ఫోన్ చేస్తే నా గొంతు విని కూపీ లాగుతావని ఉత్తరమే రాస్తున్నాను. బేకరీలో కొత్త పొయ్యి పెట్టారు. ఆ వేడికో ఏమో, మధ్యాహ్నంలోపే నాలుగు సీసాల నీళ్లు తాగేస్తున్నాను. చిక్కానని అందరూ ఎగతాళి. నువ్విచ్చిన కిడ్నీకేం, నీలాగే మొండిది, బ్రహ్మాండంగా ఉంది.

నీ బుడ్డోడు

ఒరేయ్ బుడ్డోడా,

నెపం పొయ్యి మీదికి నెట్టకు. మూడేళ్లుగా ప్రతి ఉత్తరంలో, కిడ్నీ ఎలా ఉందో చెప్పే ఆ క్రియాటినిన్ ఎంతుందో రాసేవాడివి, ఈసారి "బ్రహ్మాండం"తో సరిపెట్టావు. దాహం, చిక్కిపోవడం... మీ బావకి షుగర్ వచ్చినప్పుడు ఇవే చూశాను. మనసు కీడు శంకిస్తోంది. నిన్న ఒకే చొక్కాకి రెండు ఎడమ చేతులు కుట్టాను. నిజం రాయి.

అక్క

ప్రియమైన అక్కా,

షుగర్ వచ్చి మూడు నెలలైంది. రోజూ క్రీము రుచి చూసే నా నాలుకే కొంప ముంచిందనుకున్నాను. నువ్వు ప్రాణానికి తెగించి ఇచ్చినదాన్ని పాడుచేశానని ఏ మొహంతో చెప్పను? కిడ్నీని శరీరం తోసేయకుండా కాపాడే మాత్రే షుగర్ పెంచుతుందని మందుల పెట్టెలోని కాగితంలో చదివాను. మా పనిలో తీపి ఎక్కువైతే చక్కెర తగ్గిస్తాం. అలాగే నీకు ఆ ఉత్తరం రాశాక, ఎవరినీ అడక్కుండా రోజూ మాత్రను సగానికి విరిచి వేసుకున్నాను. షుగర్ దిగింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

పోయిన వారం కాళ్లు వాచాయి. 1.2 ఉండే క్రియాటినిన్ 2.8 అయింది. ఆసుపత్రిలో చేర్చుకుని, కిడ్నీలోంచి చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. భయంగా ఉందక్కా. నువ్వు మాత్రం రావద్దు, నీ మొహం చూడలేను.

బుడ్డోడు

నాన్నా తమ్ముడూ,

డాక్టరుతో మాట్లాడాను. మందు చాలక నీ శరీరం కిడ్నీ మీద తిరగబడిందట. ఇవాళ్టి నుంచి పెద్ద మోతాదు ఇంజెక్షన్లు ఇస్తారు. వాటితో షుగర్ ఇంకా పెరుగుతుంది, ఇన్సులిన్ తప్పదు. కిడ్నీ నిలుస్తుందో లేదో వారం దాటితే గానీ చెప్పలేరు.

ఇక నా సంగతి విను. మూడేళ్ల కిందట కిడ్నీ మార్చే ఆపరేషన్‌కు ముందు నువ్వు మగతలో ఉంటే, డాక్టరు నన్ను కూర్చోబెట్టి, "ఈ మందులతో కొందరికి షుగర్ వస్తుంది, మీ తమ్ముడికి చెప్పండి" అన్నాడు. చెబుతానన్నాను. చెప్పలేదు. నా కిడ్నీ వద్దని అప్పటికే మొండికేశావు. ఇంకో సాకు దొరికితే మంచం దిగి పోతావని భయపడ్డాను. ముందే తెలిసుంటే, తప్పు నీదనుకుని దాచకుండా డాక్టరు దగ్గరికి పరిగెత్తేవాడివి, మాత్ర విరిచేవాడివి కాదు. కిడ్నీ ఇచ్చినందుకు నాకెన్నడూ బాధ లేదురా. ఆ మాట దాచినందుకే ఏడుస్తున్నాను.

ఈ కాగితం నర్సు చేతికిచ్చి నీ గది బయటే కూర్చున్నాను. కోపమొస్తే లోపలికి పిలిచి తిట్టు. పిలవకపోయినా ఇక్కణ్నుంచి కదలను.

అక్క