రుచి చూసినవారి సంతకం

జూన్ 3, మంగళవారం

మా రెస్టారెంట్ బఫేలో మంగళవారం అంటే బికోల్ టేబుల్. ఫిలిప్పీన్స్‌లో ఆ ప్రాంతం వంటలే పెడతాం. ఇరవై నాలుగు ట్రేలు, సగానికి పైగా కొబ్బరిపాలతో. ఇవాళ చేమాకు కూర ఎవరూ రెండోసారి పెట్టుకోవడం లేదు. ఒక స్పూన్ నోట్లో వేసుకున్నా… నిమ్మగడ్డి లేదు, అల్లం లేదు. ఒట్టి పసరు.

వంటింట్లోకి వెళ్తే ఆతె మిలా నా మొహమే చూస్తోంది. ఆతె అంటే వాళ్ల భాషలో అక్క. న్యూజిలాండ్‌లో మా ఇన్వర్‌కార్గిల్ బ్రాంచ్ తెరిచినప్పటి నుంచి హెడ్ కుక్. నాకు నాలుగేళ్లుగా అక్కే.

"ఎలా ఉంది మధూ?"

బావుందన్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా నన్ను అడగని మాట.

జూన్ 5, గురువారం

వెనక తలుపు తియ్యగానే గుప్పుమని మాడు వాసన. ఆతె అన్నం గిన్నె పక్కనే నిలబడి ఉల్లిపాయలు తరుగుతోంది. కూనిరాగం కూడా.

"ఆతె, మాడుతోంది!"

ముందు నా మొహం చూసింది. తర్వాత గిన్నె. తర్వాత పొయ్యి ఆపింది.

కిటికీలు బార్లా తీశాం. జూన్ ఇక్కడ చలికాలం, బయట గడ్డి మీద మంచు తెల్లగా పేరుకుని ఉంది. వణుకుతూ నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు.

జూన్ 6

ఆతె దగ్గరికి ఇంగువ డబ్బా తీసుకెళ్లా. కిందటేడు దాని మూత తీస్తే "బాబోయ్, కార్లో పెట్టిరా" అని బయటికి పరిగెత్తిన మనిషి. ఇవాళ కళ్లు మూసుకోమని ముక్కు కింద పెట్టి, ఎలా ఉందని అడిగా.

"మంచి వాసన" అంది. "పువ్వులా."

జూన్ 8, ఆదివారం

చెప్పింది. ఆవిడ కార్లో, హీటర్ వేసుకుని కూర్చుని.

మార్చిలో జ్వరం. జ్వరం తగ్గింది, వాసన తిరిగి రాలేదు. ఉప్పు, పులుపు, కారం నాలుకకి తెలుస్తాయట. మిగతాదంతా తడి కాగితం నమిలినట్టు… డాక్టరు చూద్దాం అన్నాడట, అంతే. హెడ్ కుక్ ఉద్యోగం మీదే ఆవిడ వీసా. ఆ ఉద్యోగం పోతే మనీలా ఫ్లైట్.

"నా చేతులకి అన్నీ గుర్తున్నాయి మధూ. ముక్కు ఒక్కటే కావాలి. నువ్వుంటావా?"

ఉంటానన్నాను. ఆలోచించలేదు కూడా. మూడో నెలలో నా కడుపు పోయినప్పుడు పదకొండు రోజులు అల్లం వేసిన జావ కాచి ఇంటికి తెచ్చింది ఈవిడే. మా ఆయన శ్రీను ట్రక్కు వేసుకుని క్రైస్ట్‌చర్చ్ వెళ్తే మంచం పక్కన కుర్చీలో కూర్చుంది. ఆవిడకి కాదని ఎలా చెప్పను?

జూన్ 11, బుధవారం

గంట ముందు వెళ్తున్నా. ఇరవై నాలుగు ట్రేలు, ఇరవై నాలుగు స్పూన్లు. ప్రతి ట్రేకీ షీట్ మీద రెండు గళ్లు — వండినవారు, రుచి చూసినవారు. ఏప్రిల్‌లో నన్ను అసిస్టెంట్ మేనేజర్ని చేసినప్పుడు ఆక్లాండ్ ఆఫీసు నుంచి గ్రేస్ పంపిన షీట్ ఇది. అన్ని బ్రాంచిలూ చూసేది ఆవిడే. ఇన్నాళ్లూ రెండో గడిలో ఊరికే గీకేసేదాన్ని. ఇప్పుడు నిజంగా రుచి చూసి పెడుతున్నా.

జూన్ 12

పంది మాంసం కూర మొదటిసారి నాలుక మీద పెట్టుకున్నా. అమ్మకి చెప్పను.

జూన్ 15, ఆదివారం

వారంలో ఒక్క కంప్లైంట్ లేదు. ఆతె పాడుతోంది మళ్లీ. నాకే నిద్ర పట్టడం లేదు. ఏ రోజైనా నేను లేకపోతే…

జూన్ 19, గురువారం

లేను.

రాత్రంతా గడ్డకట్టిన మంచు. కారు స్టార్ట్ కాలేదు. రేపు మతారికి, మావోరీల కొత్త సంవత్సరం సెలవు, హాల్ నిండా బుకింగ్స్, వంటింట్లో రెండు రోజుల పని ఒక్క రోజులో. శ్రీను వచ్చి దింపేసరికి పదకొండున్నర. తలుపులు తెరిచేశారు. ట్రేలన్నీ బయటే ఉన్నాయి.

ఆతె షీట్ నా చేతికిచ్చింది. మొదటి గడి నింపేసి ఉంది. వరసగా ఇరవై నాలుగు సంతకాలు పెట్టేశాను. ఒక్కటీ నోట్లో పెట్టకుండా.

రెండింటికి రొయ్యల కూర ట్రే మార్చబోతే — నీచు కాదు, కుళ్లు. ముక్కు మండింది. ట్రేలో పావు వంతే మిగిలింది. చెత్తలో పారబోశాను. ఎవరూ చూడలేదు.

"బావుందన్నారా?" అని ఆతె.

"ఆఁ."

జూన్ 20

ఎవరూ ఫోన్ చెయ్యలేదు. ఏం కాదేమో.

జూన్ 21, శనివారం

మూడు ఫోన్లు. వాంతులు, విరేచనాలు. మూడో ఫోను కెన్ కూతురిది. కెన్ గురువారం గురువారం కర్ర పట్టుకుని వస్తాడు, ఎనభై దాటిన మనిషి, కిటికీ దగ్గర టేబుల్ ఆయనదే. రొయ్యలంటే ప్రాణం.

నాన్నని హాస్పిటల్లో చేర్చామంది. "ఆయన మీ దగ్గర తప్ప ఇంకెక్కడా తినలేదు." అరవలేదు. అరిచినా బావుండేది.

జూన్ 23, సోమవారం

వచ్చే సోమవారం పదింటికి సిటీ కౌన్సిల్ నుంచి ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ వస్తుంది. పంతొమ్మిదో తారీకు షీట్ సిద్ధంగా ఉంచమన్నారు.

శ్రీనుకి మొత్తం చెప్పేశా. తింటున్నవాడు చెయ్యి ఆపేశాడు.

"మన రెసిడెన్సీ ఫైల్లో ఉన్నది ఆ కంపెనీ లెటరే. తెలుసుగా?"

తెలుసు.

"అయితే ఫైలు తేలేదాకా రెండు నెలలు నోరు మూసుకో మధూ. తర్వాత చూద్దాం."

అని మళ్లీ తిన్లేదు.

జూన్ 25, బుధవారం

ఇంటికొచ్చి, మోకాలికి కట్టు కట్టుకుని రాస్తున్నా.

వెనక తలుపు తీశాను. గ్యాస్. వంటిల్లంతా. ఆతె నాకు వీపు పెట్టి పెద్ద పొయ్యి ముందు ఉంది, చేతిలో లైటర్. ఎలా వెళ్లానో తెలీదు, చెయ్యి పట్టుకుని బయటికి ఈడ్చేశాను. ఇద్దరం కాంక్రీటు మీద పడ్డాం. మోకాలు చీరుకుపోయింది.

"ఏమైంది? ఏమైంది?" అంటోంది.

పక్క పొయ్యి నాబ్ సగం తిరిగి ఉంది.

ఆతె నా మోకాలు తన ఏప్రన్‌తో తుడిచింది. "రేపు నువ్వు రాకముందు ఏదీ వెలిగించను" అంది.

రేపు! ఇంకా రేపు అంటోంది.

జూన్ 26, గురువారం

కిటికీ దగ్గర టేబుల్ ఖాళీ. ఎవర్నీ కూర్చోబెట్టలేకపోయాను.

జూన్ 27, శుక్రవారం

గ్రేస్‌కి ఫోన్ చేశా. ఆక్లాండ్ ఆఫీసులో ఉంది, వెనకాల ఎవరో నవ్వుతున్నారు. ఒక్క ఊపిరిలో చెప్పేశాను — ముక్కు, రొయ్యలు, గ్యాస్, నా దొంగ సంతకాలు. అవతల తలుపు వేసిన చప్పుడు. నవ్వులు ఆగిపోయాయి.

"మిలా సంగతి నాకు తెలుసు. ఏప్రిల్ నుంచీ తెలుసు."

…

"ఆ షీట్ ఎందుకు పెట్టాననుకున్నావ్? నిన్ను ఎందుకు ప్రమోట్ చేశాననుకున్నావ్? ఆవిడ బొమ్మ మన ప్రతి పోస్టర్ మీదా ఉంది మధూ. ఆవిడ వండాలి, ఇంకొకరు చూసుకోవాలి. ఆ ఇంకొకరు నువ్వే."

పంతొమ్మిదో తారీకు షీట్ తీసి ముందు పెట్టుకున్నాను.

"సోమవారం షీట్ చూపించు. అందులో అన్నీ సరిగ్గా ఉన్నాయి. సరిగ్గా లేవంటే, ఆ సంతకం ఎవరిదో వాళ్లే జవాబు చెప్పుకోవాలి."

ఎంత మెత్తగా అందో. వీకెండ్ బాగా గడపమని కూడా అంది.

జూన్ 28, శనివారం

కెన్‌ని హెలికాప్టర్‌లో డునెడిన్ తీసుకెళ్లారు. కిడ్నీలట. కూతురు మెసేజ్ పెట్టింది.

జూన్ 29

ఆతె మా ఇంటికి వచ్చింది. గ్రేస్‌కి తెలుసని చెప్పాను. నమ్మలేదు. "తెలిస్తే నన్ను ఉంచదు కదా" అంది. రెండుసార్లు అంది. తర్వాత, "నేనే చెప్పేస్తాను మధూ, వండింది నేను, నువ్వు రుచి చూశావు, నీకూ తెలీలేదు" అంది. మళ్లీ, "ఏమీ చెప్పొద్దు, కెన్ ఇంటికి వచ్చేస్తాడు" అంది. ఏ మాట మీదా నిలబడలేకపోయింది. నేనూ అంతే.

శ్రీను గది లోంచి బయటికి రాలేదు.

జూన్ 30, సోమవారం

తొమ్మిదీ యాభై. మా కార్ పార్క్‌లో, కార్లోనే కూర్చుని రాస్తున్నా. ఒళ్లో ఫైలు. పంతొమ్మిదో తారీకు షీట్ పైనే ఉంది, ఇరవై నాలుగు సార్లు నా పేరు.

డునెడిన్ నుంచి వేరే కబురు లేదు.

తెల్ల కారు వచ్చి ఆగింది. నడివయసు ఆవిడ, కౌన్సిల్ కార్డు మెడలో. ఆతె ముందు తలుపు తీసుకుని బయటికొచ్చింది. కొత్త ఏప్రన్ కట్టుకుంది. తల కూడా దువ్వుకుంది. ఆవిడకి ఏదో చెప్తోంది… చేత్తో నన్ను చూపిస్తోంది.

ఆఫీసర్ లోపలికి వెళ్లలేదు. ఇటే వస్తోంది. ఆతె తలుపు దగ్గరే నిలబడి చూస్తోంది.

అద్దం దించాలి.