ఏ మందూ వాడదండీ

ఏవండీ, నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. అందరూ కులాసాయేనా అని అడిగారు. ఇల్లు కులాసా, కుట్టు మిషను కులాసా, నేను మామూలే. ఓడ మీద మీకు తిండీ నిద్రా సరిగా అమరుతున్నాయని తలుస్తాను. స్నానాలగది కుళాయి ఇంకా కారుతోందా అన్నారు. కారుతోంది. గుడ్డ చుట్టాను, మీరొచ్చేదాకా దాని ఏడుపు దాన్ని ఏడవనివ్వండి. మీ గారాల కూతురు పిచ్చుక మాత్రలు సరిగా వేసుకుంటోందా అని కూడా అడిగారు. ఆ సంగతికే వస్తున్నాను, తొందరపెట్టకండి.

స్కూల్లో పిల్లలకి మత్తుమందుల పరీక్ష పెట్టాలా వద్దా అని తల్లిదండ్రులందరినీ పిలిచారు. వేరే స్కూల్లో ఎక్కడో మరుగుదొడ్డి వెనక ఏవో పొట్లాలు దొరికాయట, దాంతో మన హెడ్మిస్ట్రెసమ్మకి కంటిమీద కునుకు లేదు. పైవాటా వకీలుగారి భార్య లేచి, "తప్పు చేసినట్టు తేలకముందే పిల్లలందర్నీ సోదా చేస్తారా? పిల్ల నోటి మాటకన్నా సీసాలో మూత్రం ఎక్కువైపోయిందా? ఇలా చేస్తే రేపు వాళ్ళు మనకేదీ చెప్పుకోరు" అని నిలదీసింది. చప్పట్లు కూడా పడ్డాయి. నాకు ఒళ్ళు మండింది. యూనిఫారాలు కుట్టేదాన్ని కదా, నన్ను చివరి బెంచీలో కూర్చోబెట్టారు. అక్కణ్ణుంచే అరిచాను: "దాచుకునేది లేనివాళ్ళకి దడెందుకమ్మా?" హాలంతా నావైపు తిరిగింది. ఆవిడ ముఖం మాడిపోయింది. పరీక్షలు పెట్టాలనే తేల్చారు. చాలా రోజుల తర్వాత ఆ వేళ నేను తలెత్తుకుని ఇంటికొచ్చాను.

అంతటితో ఊరుకుంటే నేను నేనెందుకవుతాను? ఆవిడ కొడుకు కొలతలు నా దగ్గరే ఉంటాయి. ఈసారి వాడి నడుము బాగా తగ్గింది, పాత చొక్కా భుజాలమీద వేలాడుతోంది. ఆ ముక్క హెడ్మిస్ట్రెసమ్మ చెవిలో వేశాను. మొట్టమొదట వాణ్ణే పిలిచారు. ఏమీ లేదని తేలింది. అయినా పిల్లలిప్పుడు వాణ్ణి 'సీసా' అని పిలుస్తున్నారు. ఆవిడ మెట్లమీద నేనెదురైతే గోడవైపు తిరిగి పోతోంది. నాకు నవ్వొచ్చింది, మీ దగ్గర దాపరికమెందుకు?

తరవాత పిచ్చుక వంతు వచ్చింది. సీసా ఇచ్చేముందు నర్సమ్మ అడిగిందట, "మందులేమైనా వాడుతున్నావా తల్లీ?" అని. మనం నేర్పిన పాఠమే అప్పజెప్పి వచ్చింది మన పిల్ల: "ఏ మందూ వాడనండీ." దానికి మూర్ఛ ఉందని మూడో కంటికి తెలియకూడదని మనిద్దరం కలిసే కదా నూరిపోశాం. మాత్రలు దారపు ఉండల కింద దాచి, తలుపు గడియ పెట్టి మింగించిన ఇల్లు మనది. ఆ మాత్రే పరీక్షలో పట్టుబడింది. అందులో ఉండేది నిద్రమందు జాతిదట, మత్తు కోసం తినేవాళ్ళు కూడా దాన్నే తింటారట. హెడ్మిస్ట్రెసమ్మ నన్ను నిలబెట్టి చెప్పింది: "వచ్చే నెల మళ్ళీ చేస్తాం. అప్పటికీ ఇలాగే వస్తే పంపించేస్తాం."

పిచ్చుక నా చీరకొంగు పట్టుకుని ఏడ్చింది. "నిజం చెప్పేద్దామమ్మా. డాక్టరు చీటీ చూపిస్తే ఒక్క మాటతో పోతుంది కదా."

"నోర్ముయ్" అన్నాను. "మత్తుకి అలవాటు పడిందంటే కుర్రతనం అంటారు. మానేసిందంటే భుజం తడతారు. మూర్ఛ అన్నావంటే జన్మలో నీ పక్కన ఎవరూ కూర్చోరు."

మీరున్నా అదే అనేవారు. ప్రతి ఉత్తరం కిందా 'ఆ సంగతి బయటికి పొక్కనీయకు' అని రాసే మనిషి ఇంకేమంటారు?

మాత్రలు ఆపేశానండీ. ఇంతసేపూ చుట్టూ తిరుగుతున్నది ఈ మాట దగ్గరే. అది భయపడి నా చేతులు పట్టుకుంది. డబ్బా లాక్కుని బీరువాలో పెట్టి తాళం వేశాను. ఉన్నట్టుండి ఆపకూడదని డాక్టరు మొదట్లోనే చెప్పాడు, మనిద్దరం విన్నాం. ఒక్క నెలకి ఏమవుతుందిలే అనుకున్నాను.

రెండో పరీక్ష శుభ్రంగా వచ్చింది. హెడ్మిస్ట్రెసమ్మ సంబరం పట్టలేక, హాల్లో అందరి ముందూ పిచ్చుకని వేదికమీదికి పిలిచింది. "తప్పు దిద్దుకున్న పిల్ల" అని చప్పట్లు కొట్టించింది. నేను కుట్టిన చొక్కాలు అప్పగించడానికి వెళ్ళి గుమ్మంలోనే ఉన్నాను. ఆ చప్పట్ల మధ్యలోనే పడిపోయింది. కాళ్ళు చెక్కమీద టకటకా కొట్టుకున్నాయి. పిల్లలు "మత్తెక్కువైంది, మత్తెక్కువైంది" అని అరిచారు. కొందరు నవ్వారు కూడా.

అంబులెన్సుతో వచ్చిన డాక్టరు కుర్రాడు నన్ను అడిగాడు. "ఇదివరకెప్పుడైనా ఇలా వచ్చిందా? మందులేమైనా వాడుతోందా?" అప్పటికి పిచ్చుక కాస్త కళ్ళు తెరిచింది. చుట్టూ హెడ్మిస్ట్రెసమ్మ, నర్సమ్మ, ఏదో పనిమీద వచ్చిన వకీలుగారి భార్య, అందరూ నా నోటివంకే చూస్తున్నారు.

"లేదండీ. ఏ మందూ వాడదండీ" అన్నాను.

దారిలో మళ్ళీ వచ్చింది. ఆగలేదు. పెదాలు నల్లబడ్డాయి. అప్పుడు చెప్పాను, ఆసుపత్రి తలుపు దాటాక, వినేవాళ్ళలో మనకి తెలిసినవాళ్ళెవరూ లేరని చూసుకుని మరీ చెప్పాను. ఆ డాక్టరు నన్ను తిట్టలేదు. నావైపు మళ్ళీ చూడలేదు, అంతే.

బతికింది. ఇంటికి తెచ్చాను. మాత్రలు వేళకి వేస్తున్నాను, మీరడిగినదానికి ఇదే జవాబు. కానీ మాటలు తడుముకుంటోంది. నిన్న చెంచా పేరు గుర్తురాక వేలితో చూపించింది. ఎప్పటికి తిరిగొస్తుందో చెప్పలేమన్నారు. ఎంత రావాలో అంత వస్తుందన్నారు.

పొద్దున తల దువ్వుతుంటే అద్దంలో నన్ను చూస్తూ అడిగింది. ఒక్కో మాటా వెతుక్కుంటూ అడిగింది.

"అమ్మా, డాక్టరుతో నువ్వు లేదనడం విన్నాను. నేను చచ్చిపోయి ఉంటే, దేంతో పోయిందని చెప్పేదానివి?"

ఛీ, అవేం మాటలు అన్నాను. దాని ముందు కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాను. మీతో మాత్రం అబద్ధం ఆడను. అంబులెన్సులో దాని చెయ్యి నా చేతిలో ఉండగానే నేనది ఆలోచించి పెట్టుకున్నాను. జ్వరమని చెబుదామనుకున్నానండీ.

ఇట్లు,
మీ పిచ్చుక తల్లి